వచ్చీరాని చదువుతో తీసిన పెళ్లి

ఒక తల్లి తన ఫొటో తియ్యొద్దని కాగితం మీద రాసిచ్చినా, ఆవిడ కూతురి పెళ్లిలో ఆవిడవే నలభై ఒక్క ఫొటోలు తీశాను. పొగరుతో కాదు, చదవడం రాక. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

నేను పుట్టి పెరిగింది పోర్ట్‌బ్లెయిర్ పక్కన ప్రోతరాపూర్‌లో. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు, రిటైరయ్యాక కూడా వెనక్కి పోలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లోనూ హిందీయే. తెలుగులో పోట్లాడమంటే ఎవరితోనైనా పోట్లాడగలను. అక్షరాల దగ్గరికొచ్చేసరికే నా బండారం బయటపడుతుంది. అమ్మ నాకు చదవడం నేర్పింది పెళ్లికార్డుల మీద. ఊళ్లోని చుట్టాలు వాటిని పోస్టులో వేసేవారు. అవి మాకు అందేసరికి పెళ్లి అయిపోయి, ఒక్కోసారి పెళ్లికూతురు నీళ్లోసుకుని కూడా ఉండేది. అయినా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కార్డు పైనుంచి కిందిదాకా చదివించేది. ‘సకుటుంబ సపరివార సమేతంగా తప్పక విచ్చేసి’ అన్న చోటికి వచ్చేసరికి నేను గుక్క తిప్పుకోకుండా పరిగెత్తేదాన్ని. అది చదవడం కాదు, కంఠతా పట్టింది.

“ఏటే, సదవతన్నావా, అప్పసెప్తన్నావా?” అని అమ్మ నెత్తిమీద ఒక్క మొట్టికాయ వేసేది.

అమ్మ మొట్టినా నేను బాగుపడలేదు. పెద్దయ్యాక కెమెరా పట్టుకున్నాను, పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టాను. మెయిన్‌ల్యాండ్ నుంచి జనం మా దీవులకొచ్చి సముద్రం ఒడ్డున పెళ్లిళ్లు చేసుకోవడం ఎక్కువయ్యాక నాకు చేతినిండా పని దొరికింది. వచ్చేవాళ్లకు మా సంగతులు తెలియవు. ఆరున్నరకి సూర్యాస్తమయంలో జంట ఫొటోలు కావాలంటారు. మా సూర్యుడు ఐదు దాటితే సర్దుకుంటాడు, ఆరింటికి కన్ను పొడుచుకున్నా కనబడదు అని చెబితే, నేనేదో పని తప్పించుకుంటున్నానని అనుమానంగా చూస్తారు. ఏసీ గదిలోంచి కెమెరాని అమాంతం బయటికి తెస్తే గాజంతా చెమట పట్టేస్తుందని నేను బ్యాగు గంట ముందే వరండాలో పెడతాను. అది చూసి, పాపం ఈ అమ్మాయికి గది ఇవ్వలేదేమోనని జాలిపడ్డ పెద్దవాళ్లూ ఉన్నారు. నేను వాళ్లను చూసి నవ్వుకుంటాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకు వాళ్లంటే ఇష్టం. ఇంత దూరం గాలిలో ఎగిరొచ్చి, పడవెక్కి వాంతులు చేసుకుని, కొబ్బరిబొండాలు దొరికే చోటికి కొబ్బరిబొండాలు మోసుకొచ్చి పెళ్లి చేస్తారు. పిల్ల సరదా తీరాలి, అంతే.

ఆ పెళ్లికూతురు రాజమండ్రి అమ్మాయి, బెంగళూరులో ఉద్యోగం. ఫోన్‌లో ముందు హిందీలో మొదలుపెట్టి, నా యాస పట్టేసి తెలుగులోకి దిగింది.

“అమ్మయ్య, మీకు తెలుగొచ్చా అక్కా? మా అమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు.”

“రావడమేంటమ్మా, తెలుగుదాన్నే.”

“చదవడం కూడా వచ్చు కదా? ఏయే ఫొటోలు తియ్యాలో అమ్మ తెలుగులోనే రాసిస్తానంటోంది.”

“వచ్చు,” అన్నాను. రెండక్షరాల అబద్ధం. తెలుగుదాన్నేనని అంత గొప్పగా చెప్పాక, చదవడం రాదనడానికి నామోషీ అడ్డొచ్చింది.

పెళ్లి హ్యావ్‌లాక్‌లో. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, మా నోటికి మాత్రం ఇంకా పాత పేరే వస్తుంది. ముందు రోజు మధ్యాహ్నానికే నేనూ, వీడియో తీసే భయ్యా పడవలో చేరుకున్నాం. ఆయన ఊరు బాంబూఫ్లాట్, తాతలు కేరళ నుంచి వచ్చారు. ఆయనకి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు, మా ఇద్దరి బతుకూ హిందీలోనే. రిసార్టులో దిగగానే పెళ్లికూతురి తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా, లేత ఆకుపచ్చ నేతచీరలో, నుదుటన కనీకనబడని నల్ల స్టిక్కరుతో ఉంది. భర్త పోయి ఏడాదిన్నర అయిందని అమ్మాయి నాకు ముందే చెప్పింది. ఆవిడ నా చేతిలో రూళ్ల కాగితాలు రెండు పెట్టింది.

“నా రాత కోడిగీతలమ్మా. నీకు అర్థమవుతుందా?”

“భలేవారే ఆంటీ, ముత్యాల్లా ఉన్నాయి,” అన్నాను, చూడకుండానే.

“చివరి లైను మాత్రం మర్చిపోకు. అది ముఖ్యం.”

వరండాలో కూర్చుని, వేలు కింద పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుని చదివాను. సగం కాగితం నాకు అలవాటైన మాటలే. గౌరీపూజ, అడ్డుతెర, జీలకర్ర బెల్లం, మాంగల్యం, తలంబ్రాలు. ఆ తరువాత మనుషులు. మేనత్త, బాబాయి, పిన్ని, పిన్నత్తగారు, తాతగారి తమ్ముడు. అన్నిటికన్నా కింద చివరి లైను. ‘అందరూ ఫొటోల్లో పడాలి. నేను’ అన్నంతవరకు ఒక్కో అక్షరమే నడిచాను. ఆ తరువాత ‘త’ కనబడింది, ‘ప్ప’ కనబడింది. ఇంకేముంది, చిన్నప్పటి పెళ్లికార్డు నోట్లోకి వచ్చేసింది. తప్పక! నేను తప్పక.

ఆ క్షణాన ఆవిడ మీద నాకెంత ముచ్చటేసిందో. ఆడవాళ్లు ఎంతమందిని చూశాను, అబ్బే నాకెందుకమ్మా ఫొటో, జుట్టు బాగాలేదు, లావుగా పడతాను అని నసిగేవాళ్లే. ఈవిడ చూడు, నేను తప్పక పడాలి అని నిక్కచ్చిగా రాసిచ్చింది. భర్త లేకపోయినా కూతురి పెళ్లి ధైర్యంగా చేస్తోంది, ఆ మాత్రం ఉండాలి అనుకున్నాను.

“క్యా లిఖా హై, దీదీ?” అని భయ్యా అడిగాడు.

పెళ్లికూతురి అమ్మని అందరికన్నా ఎక్కువ తియ్యాలట అని చెప్పాను. ఆయన చాలా సంతోషపడ్డాడు. “అచ్ఛా హై. మమ్మీ లోగోం కో కోయీ నహీ లేతా,” అన్నాడు. నిజమే, ఏ పెళ్లిలోనైనా అమ్మలు ఫొటోలో సగం చెయ్యో, కొంగు చివరో తప్ప పడరు.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఇంకో ఆకుపచ్చ చీర కట్టుకుని, కొబ్బరాకుల పందిరి దగ్గర కొబ్బరికాయలు సర్దుతూ కనబడింది. దగ్గరికెళ్లి చెవిలో చెప్పాను.

“చివరి లైను నాకు బాగా గుర్తుందాంటీ. మీ సంగతి నాకొదిలెయ్యండి.”

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “నీకు పుణ్యముంటుంది తల్లీ,” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫొటోల కోసం ఇంత ఇదయ్యే మనిషి కూడా ఉంటుందా అని నేను కరిగిపోయాను.

ముహూర్తం ఎనిమిది దాటాక. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది, నీళ్లు పందిరికి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. కన్యాదానానికి బాబాయి, పిన్ని కూర్చున్నారు. ఆవిడ పీటల మీద ఎందుకు లేదో నాకు తెలుసు, తండ్రి లేడు కాబట్టి జంటగా ఉన్నవాళ్లు కూర్చుంటారు. అంతవరకే తెలుసు. పందిరి దరిదాపుల్లోకే ఎందుకు రావడం లేదన్నది నా బుర్రకి తట్టలేదు. మా వీధిలో పెళ్లంటే పసుపు కొట్టడానికి ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్లే వస్తారు. ఎదురింటి బెంగాలీ పిన్ని, వెనకింటి రాంచీ దీదీ, అందరూ. ఎవరికి మొగుడున్నాడో ఎవరికి లేడో అడిగే పెద్దలందరూ సముద్రానికి అవతలే ఉండిపోయారు. నా పెళ్లిలో నా తలమీద మొదటి గుప్పెడు అక్షతలు వేసింది పక్కింటి ముసలామె. ఆవిడ భర్త పోయి అప్పటికి ఎన్నో ఏళ్లు. నా కాపురానికేమీ కాలేదు, మా ఆయనా నేనూ రోజూ పోట్లాడుకుంటూ హాయిగానే ఉన్నాం.

అందుకని పెళ్లికూతురి తల్లి వెనక్కి జరిగినకొద్దీ నేను పెద్ద లెన్సు తగిలించి వెంటాడాను. కొబ్బరిచెట్టు వెనక నిలబడితే చెట్టు పక్కనుంచి తీశాను. పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొస్తుంటే, ఆవిడ పెదవులు కదిపి ఏదో అనుకుంటోంది, అది తీశాను. జీలకర్ర బెల్లం పెట్టే వేళ తెర దించగానే అందరూ చప్పట్లు కొట్టారు, ఆవిడ కూడా కొట్టబోయి చేతులు దింపేసుకుంది, అదీ తీశాను. తాళి కట్టే వేళకి గుప్పిట్లో అక్షతలు పట్టుకుని ఉంది. మంగళవాద్యం గట్టిగా మోగగానే అక్కడి నుంచే విసిరింది. అవి పందిరిదాకా ఎక్కడ వెళ్తాయి, ఆవిడ ముందే ఇసుకలో పడ్డాయి. ఒక్కసారి లెన్సు చూసి అరచెయ్యి అడ్డం పెట్టింది. సిగ్గు కాబోలనుకుని నవ్వి, బొటనవేలు పైకెత్తి చూపించాను. ఆవిడ మొహం తిప్పుకుంది.

ఇలాంటి పెళ్లిళ్లలో ఆ సాయంత్రమే కొన్ని ఫొటోలు తెరమీద వేసి చూపించడం ఇప్పుడు ఆనవాయితీ. నేనూ భయ్యా మధ్యాహ్నమంతా కూర్చుని తయారుచేశాం. నాకు నేనే శభాష్ అనుకుంటూ తాళి ఒక్కో ముడి పక్కనా తల్లి ఫొటో ఒకటి పెట్టాను. మొదటి ముడి, చెట్టు పక్కన ఆవిడ. రెండో ముడి, గుప్పిట. మూడో ముడి, గాలిలో అక్షతలు. ఐదున్నరకి చీకటి పడగానే పచ్చికమీద కుర్చీలు వేసి తెర వెలిగించారు. అబ్బాయి వైపువాళ్లు ఈలలు వేశారు, అమ్మాయి వైపు పిల్లలు కేకలు వేశారు. ఆవిడ మొహం రెండోసారి వచ్చేసరికి మాటలు తగ్గాయి. మూడోసారికి ఎవరూ మాట్లాడలేదు. పెళ్లికూతురు తెరవైపు చూసి తలదించుకుంది. చివరి వరసలో కూర్చున్న ఆవిడ లేచి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, తన గదివైపు వెళ్లిపోయింది.

నా దగ్గరికి వచ్చింది మేనత్త, పోయినాయన అక్క. పొద్దున్న నాకూ భయ్యాకీ దగ్గరుండి ఉప్మా పెట్టించిన మనిషి ఆవిడే.

“ఏమ్మా, నీకు మా మరదలు కాగితం ఇచ్చిందా లేదా?”

“ఇచ్చారండీ, అందులో ఉన్నట్టే తీశాను. తప్పక తియ్యమని ఆవిడే రాశారు.” బ్యాగులోంచి కాగితం తీసి ధీమాగా చూపించాను.

ఆవిడ ఫోన్ లైటు వేసి చివరి లైను మీద వేలు పెట్టింది. “తప్పక ఎక్కడుంది తల్లీ ఇక్కడ? ‘నేను తప్ప’ అని కదా ఉంది. చూడు, ‘క’ ఏది?”

చూశాను. ‘క’ లేదు. ‘ప్ప’ పక్కన చుక్క, ఆ తరువాత ఖాళీ కాగితం. పప్పులో కాలేశానంటే సరిపోదు.

“మొగుడు పోయినది, శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఎదురుగా ఉండకూడదని తనే పక్కకి తప్పుకుంది. తనే రాసుకుంది, మేమెవరం అడగలేదు,” అంది మేనత్త. ఆ మాటల్లో కోపంకన్నా దుఃఖమే ఎక్కువుంది. “ఇప్పుడు అబ్బాయి వాళ్ల ముందు అందరూ దాని మొహమే చూస్తుంటే, దానికెలా ఉంటుంది?” అని ముక్కు చీదుకుంది. తమ్ముడు గుర్తొచ్చాడేమో, నన్ను ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఆవిడ గది తలుపు తీయలేదు. పొద్దున్నే, వెలుతురు రాగానే కెమెరా పట్టుకుని బయల్దేరాను. ఆవిడ నీళ్ల దగ్గర పడివున్న మానుమీద ఒక్కతే కూర్చుని ఉంది. నీళ్లు బాగా వెనక్కి పోయి, రాళ్లమధ్య పీతలు పరిగెడుతున్నాయి. నేను పక్కన ఇసుకలో కూలబడ్డాను. చెప్పాల్సింది ఒకటే ముక్క. అది చెప్పేశాను.

“ఆంటీ, నాకు తెలుగు చదవడం రాదు.”

ఆవిడ నావైపు తిరిగింది. “రాదా?”

“వచ్చీరానిదాంటీ. తప్ప అని మీరు రాస్తే నేను తప్పక అని చదువుకున్నాను. అమ్మాయికి వచ్చని అబద్ధం చెప్పాను. మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టేశాను. నన్ను క్షమించండి.” ఏడుపొచ్చింది, ఏడ్చాను. “అన్నీ ఇందులోనే ఉన్నాయి. మీరు ఊఁ అంటే మీ కళ్లముందే తీసేస్తాను.”

ఆవిడకి నిన్న నేను బొటనవేలు ఎత్తింది గుర్తొచ్చినట్టుంది, పెదవి చివర కొంచెం నవ్వు వచ్చి పోయింది. “అందుకా, అంతలా నా వెంటపడ్డావు,” అంది. తరువాత కళ్లజోడు పెట్టుకుని చెయ్యి చాపింది. “చూడనీ.”

బొత్తాం ఎలా నొక్కాలో చూపించాను. ఒక్కొక్కటే నొక్కుకుంటూ చూసింది. తన మొహం దగ్గరగా ఉన్నవాటి మీద ఆగలేదు, గబగబా దాటేసింది. దూరం నుంచి తీసినది ఒకటి వచ్చింది. పందిరి, పంతులుగారు, పీటల మీద బాబాయి, పిన్ని, వాళ్ల చుట్టూ చుట్టాలంతా గుమిగూడి ఉన్నారు. ఆ తరువాత బోలెడంత ఖాళీ ఇసుక. ఆ చివర చెట్టు, చెట్టు పక్కన ఆకుపచ్చ చీర. అక్కడ ఆవిడ ఆగిపోయింది.

“ఇంత దూరంగా నించున్నానా నేను?” అంది.

ఆవిడ వేలితో ఫొటోలోని ఆ ఇసుకని ఒకసారి తడిమింది.

“నేను పక్కనే ఉన్నాననుకున్నానమ్మా. మంత్రాలు కూడా వినబడ్డాయి.”

కెమెరా ఒళ్లో పెట్టుకుని సముద్రంకేసి చూస్తూ, నాతో కాదన్నట్టుగా చెప్పింది.

“ఆ కాగితం నీ చేతికి రాకముందు మా ఇంట్లో ఆరుగురు చదివారు. ఎవరి పేరైనా వదిలేశానేమో చూడమని నేనే ఇచ్చాను. మా వదిన రెండు పేర్లు చేర్చింది. మరిది వరసలు సరిచేశాడు. చివరి లైను అందరూ చూశారు. ఇదేంటి ఇలా రాశావు, కొట్టెయ్ అని ఎవరైనా అంటారేమోనని రెండ్రోజులు టేబుల్ మీదే ఉంచాను. ఎవరూ అనలేదు.” ఒళ్లోని కెమెరా పట్టీ వేలికి చుట్టుకుంది. “మా అమ్మాయి కూడా చదివింది.”

నిన్న తెరముందు తలదించుకున్న పిల్ల కళ్లముందు కదిలింది. ఆ పిల్లని తప్పు పట్టబుద్ధి కాలేదు, పెళ్లికూతురికి వంద ఆలోచనలు.

“తీసెయ్యమంటారా ఆంటీ?” అని అడిగాను, వినబడీవినబడకుండా.

“వద్దు,” అంది ఆవిడ. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “అన్నీ మా అమ్మాయికి పంపు. నేనెక్కడ నించున్నానో అది కూడా ఒకసారి చూడాలి.”

కెమెరా నా చేతికిచ్చి, చీరకంటిన ఇసుక దులుపుకుని, అల్లుడు లేచే వేళైందని గదులవైపు నడిచింది.